ఆకారానికి బాధ్యత వుందా?

మొన్న సంక్రాంతికి మా మేనమామ కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. ఒహైయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్‌కు గంటన్నర దూరాన వున్న ఒక ఊళ్ళో, యంత్రాలు తయారుచేసే కర్మాగారంలో ఇంజనీరు. వరసకు బావ, నాకంటె మూడేళ్ళు పెద్ద. భోజనాలయి అరుగు మీద కూర్చున్నాక ఫోను నా చేతికిచ్చి, "బావా, నువ్వు సాహిత్యం చదువుకున్నవాడివి, అందచందాలు తెలిసినవాడివి. ఈ నాలుగింటిలో ఏది తీసుకోమంటావో చెప్పు" అన్నాడు. చూద్దును గదా, నాలుగు పిస్తోళ్ళు!

అవి అసలైనవి కావు. నకలు గాలి పిస్తోళ్ళు. గత యుద్ధాలలో పేరు మోసిన పిస్తోళ్ళను తూకంతో సహా దాదాపు అచ్చుగుద్దినట్లు లోహంతో పోతపోసి అమ్ముతారు. జర్మనీలోని ఉమారెక్స్ మొదలుకొని ఇంగ్లండు, రష్యా పేర్లతో చలామణి అయ్యే కంపెనీల దాకా ఈ వ్యాపారంలో చాలామంది వున్నారు. మందుగుండుతో పని లేదు. పిడిలో 12 గ్రాముల బొగ్గుపులుసు వాయువు బిగించిన చిన్న ఉక్కు గొట్టం పెడతారు. ఆ వాయువు వొత్తిడితో 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గుండు బయటికి దూకుతుంది. మనిషిని సాధారణంగా చంపదు గాని, కన్ను పోగొట్టగలదు. మన తిరునాళ్ళలో బుడగలు కొట్టే గాలితుపాకికి ఇది చుట్టమే. కాని ఆ తిరునాళ్ళ తుపాకిని చూసి ఎవడూ భయపడడు, దీన్ని చూస్తే భయపడతారు. తేడా అంతా అక్కడే వుంది.

బావ దగ్గర అప్పటికే రెండున్నవి. ఏడాదికి ఒకటికి మించి కొనటానికి మా చెల్లెమ్మ ఒప్పుకోదు. కనుక ఎంపిక సమస్య వచ్చింది. జర్మన్ లూగర్, జర్మన్‌దే అయిన పాత మౌజర్, ఇంగ్లీషు వెబ్లీ, రష్యన్ నగాన్: ఈ నాలుగింటిలో ఒకటి. "నగాన్ తీసుకుంటే నువ్వు సంతోషిస్తావనుకుంటా, మీ వాళ్ళదే గదా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాని రాత్రి నిద్ర పట్టలేదు. ఏది అందంగా వున్నదో నాకు వెంటనే తెలిసిపోయింది. ఆ తెలిసిపోవటమే నన్ను చికాకు పెట్టింది.

అందమైనది లూగర్. దాని పిడి చేతికి సహజంగా వొదిగే వాలులో వుంటుంది. పేలినప్పుడు పైనున్న కీలు మోకాలు ముడిచినట్లు పైకి లేచి, మళ్ళీ చాచుకొని పడుకుంటుంది. నకళ్ళలోనూ రెండు రకాలున్నవట: ఆ కీలు కదలక బిగిసిపోయి వుండేది చవక, కదిలేది ప్రియం. ఆ కదలిక కోసమే సేకర్తలు ఎక్కువ సొమ్ము పోస్తారు. దీన్ని 1900లో మొదట తీసుకున్నది స్విట్జర్లండు సైన్యం. జర్మన్ సైన్యం 1908లో తీసుకుంది. అయినా సినిమాలు చూసిన ప్రపంచానికి లూగర్ అంటే నాజీ అధికారి నడుముకు వేలాడే తోలు సంచి తప్ప మరొకటి గుర్తుకు రాదు. నాకూ అదే గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చిన తరవాత కూడా అది అందంగానే వుంది.

మన విమర్శలో వస్తువు, శిల్పం అనే జంటను గూర్చి ఎన్ని వాదాలు జరిగాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. వస్తువు లేని శిల్పం డొల్ల అనీ, కేవల రూపాన్ని ఆరాధించేవాడు జీవితం నుంచి పారిపోతున్నవాడనీ నేను కూడా తరగతి గదిలో ఏళ్ళ తరబడి చెపుతూ వచ్చాను. ఈ నకలు పిస్తోలు నాకు ఆ వాదానికి నమూనాగా కనిపించింది. చంపటం అనే వస్తువును తీసివేసి, చంపటం కోసం ఏర్పడిన ఆకారాన్ని మాత్రం వుంచుకోవటం! రూపవాది కలలో కూడా ఇంతకంటె శుద్ధమైన రూపం దొరకదు. లూగర్ పిడి వాలు ఎవరో కళాకారుడు ఊహించిన వంపు కాదు. గురి తప్పకుండా చేయటానికి వచ్చిన వంపు. ప్రయోజనం పోయింది, వంపు మిగిలింది, దానికి అందమని పేరు పెట్టుకున్నాం.

వెబ్లీ సంగతి ఇంకా చిత్రం. 1887 నుంచి బ్రిటిష్ సైన్యం వాడిన రివాల్వరు. బావ చూపించింది 1915 నాటి ఆరవ నమూనాకు నకలు. అసలుదానికి మల్లేనే నడిమికి విరిచి తెరవవచ్చు, ఆరు ఇత్తడి తూటాలను ఒక్కొక్కటే పెట్టవచ్చు. ఇందులోనూ రెండు రకాలు. ఒకటి నల్లగా కొత్తగా మెరిసేది. రెండవది 'యుద్ధభూమి' మెరుగుదట. అంటే, కందకాలలో ఏళ్ళ తరబడి వాడగా అంచుల దగ్గర నలుపు పోయి, గీతలు పడి, తెల్లబడినట్లు ఫ్యాక్టరీలోనే తయారుచేసింది! నాగలి మేడికి రైతు అరచెయ్యి పడి నునుపు తేలుతుంది. రోకలికి నడుమ అరుగుదల వస్తుంది. అరుగుదల అంటే ఒక వస్తువు మీద మనిషి బ్రతుకు వేసిన సంతకం. ఆ సంతకాన్ని కూడా సరుకుగా చేసి, కందకంలో ఒక్కపూట గడపనివాడికి అమ్మగలిగిన కాలం వచ్చింది. ఆ అరుగుదల అసలైనదే అయితే అది ఎవరి చేతి రాపిడి? సోమ్ దగ్గర పోయిన కుర్రవాడిదీ కావచ్చు, మన దేశంలో పోలీసు దొరదీ కావచ్చు. గీతకు ఆ విచక్షణ లేదు.

నగాన్ గూర్చి ఒక్క ముక్క చెప్పి వూరుకుంటాను. 1895లో జారు సైన్యం తీసుకున్న ఈ రివాల్వరును రెండు రకాలుగా చేశారు. అధికారుల రకంలో మీట నొక్కితే చాలు, సుత్తి తానే లేచి పడుతుంది. సిపాయిల రకంలో ప్రతి గుండుకూ బొటనవేలితో సుత్తిని వెనక్కు లాగవలసిందే. ఒకే ఆయుధంలో వర్గభేదం! విప్లవం తరవాత సిపాయి రకం చేయటం మానేశారు. ఇది చెప్పగా బావ ఎంతో సంతోషించి, "నకలు చేసినవాడు అధికారుల రకమే చేశాడు బావా, సిపాయిది ఎవడు కొంటాడు?" అన్నాడు.

ఇంతకూ నా తీర్పు మౌజర్ వైపు మొగ్గింది. దానికి కారణం చెప్పాలి, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా అనే ఆయుధ వర్తక కంపెనీకి ఓడలో సరుకు వచ్చింది. దాని గుమాస్తా శ్రీశచంద్ర మిత్ర కస్టమ్సు నుంచి 202 పెట్టెలు విడిపించి, 192 పెట్టెలు గిడ్డంగికి చేర్చి, మిగిలిన పదింటిని ఎద్దుబండి మీద దాటవేశాడు. అందులో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు వున్నవి. బండి తోలినవాడు కూడా మారువేషంలో వున్న విప్లవకారుడే. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ఈ సంఘటనను గొప్ప ప్రమాదంగా ఎంచి, పోయిన పిస్తోళ్ళలో 31 మాత్రమే తిరిగి దొరికాయని రాసుకొంది. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర బాఘా జతీన్, ఆయన నలుగురు సహచరులు పోలీసు బలగాన్ని ఎదుర్కొన్నది మౌజర్లతోనే. మర్నాడు ఆయన ఆసుపత్రిలో ప్రాణం విడిచారు. ఈ కథంతా బావకు చెప్పి, "కొంటే ఇది కొను, దీనికొక చరిత్ర వుంది" అన్నాను.

బావ ఓపికగా విన్నాడు. తరవాత నెమ్మదిగా, "1898లో ఒండుర్మాన్ యుద్ధంలో చర్చిల్ చేతిలో వున్నది కూడా ఇదే బావా. బొంబాయి రేవులో దిగేటప్పుడు భుజం తప్పింది, కత్తి తిప్పలేక మౌజర్ పట్టుకున్నాడు. సూడాను వాళ్ళను దానితోనే కాల్చాడు. నకలు పెట్టె మీద రొడ్డా పేరు వుండదు, చర్చిల్ పేరూ వుండదు. నువ్వు ఎవరి చరిత్ర కొంటున్నావు?" అని అడిగాడు.

నాకు సమాధానం తట్టలేదు. లూగర్ అందాన్ని చూసి నేను సిగ్గుపడ్డాను. మౌజర్ చరిత్రను చూసి గర్వపడ్డాను. సిగ్గూ గర్వమూ రెండూ అప్పనంగా వచ్చినవే. బాలాసోర్‌లో నెత్తురు కార్చినవారి పుణ్యంలో ఒక చిటికెడు, తైవాన్‌లోనో జర్మనీలోనో పోతపోసిన లోహపు ముక్క ద్వారా బావ అలమరలోకి దిగుమతి చేయబోయాను. పైగా అలమర నాది కాదు, డబ్బు నాది కాదు!

విరాటపర్వంలో ఉత్తరుడి ఘట్టం మనకందరికీ తెలిసినదే. శవమని జనం దగ్గరకు రాకుండా జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలను ఆ కుర్రవాడు దించుతాడు. ఒక్కొక్క వింటి మీది బంగారు పనితనం చూసి ఆశ్చర్యపోతూ, ఇది ఎవరిది, ఇది ఎవరిది అని అడుగుతాడు. బృహన్నల ఒక్కొక్కదానికీ ధరించినవాడి పేరు చెపుతాడు. మన సాహిత్యంలో మొదటి ఆయుధ సేకర్త ఉత్తరుడేననిపిస్తుంది నాకు. అయితే అతడి ప్రశ్న సరి అయిన ప్రశ్న. బంగారపు చుక్కల దగ్గర ఆగిపోలేదు, ఎవరిదని అడిగాడు. అడిగిన దానికి జవాబు చెప్పగలవాడు ఎదుటనే వున్నాడు. నకలు విషయంలో ఆ ప్రశ్నకు చోటే లేదు. అది ఎవరిదీ కాదు.

భగత్ సింగ్ పిస్తోలు కథ దీనికి సాక్ష్యం. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్ మీద పేలిన ఆ .32 కోల్ట్ పిస్తోలు ఇండోర్‌లో సరిహద్దు భద్రతా దళం వారి ఆయుధ శిక్షణాలయ మ్యూజియంలో మిగతావాటి నడుమ చాలాకాలం పడివుంది. తుప్పు పట్టకుండా పైన రంగు పూశారు. 2016లో ఆ రంగు గీకి చూస్తే, నంబరు పాత కేసు కాగితాలలోని నంబరుతో సరిపోయింది. అప్పుడు గాని దాని ముందు ఎవరూ తల వంచలేదు. మరుసటి ఏడు హుస్సేనివాలాకు తరలించారు. దాని ఆకారం ముందు రోజూ అదే, మర్నాడూ అదే. పూజ్యతను తెచ్చింది ఆకారం కాదు, అది పాల్గొన్న చర్య. ఈ నిదర్శనం చూసుకొని నేను ఒక సిద్ధాంతం కట్టుకున్నాను: ఆకారానికి పుణ్యమూ లేదు, పాపమూ లేదు, వస్తువు తీసివేసిన రూపం నిర్జీవం, కనుక బావ లూగర్ కొన్నా ఒకటే, వెబ్లీ కొన్నా ఒకటే.

ఈ సిద్ధాంతం నా దగ్గర మూడు రోజులు కూడా నిలవలేదు. క్లీవ్‌లాండ్ పేరు ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తే గుర్తుకు వచ్చింది.

2014 నవంబరు 22న ఆ నగరంలో ఒక పార్కులో టామిర్ రైస్ అనే పన్నెండేళ్ళ నల్లజాతి పిల్లవాడు ఒక నకలు పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. కోల్ట్ పిస్తోలును పోలిన, ప్లాస్టిక్ గుండ్లు విసిరే ఆటవస్తువు అది. బొమ్మ అని తెలియటానికి గొట్టం కొసన వుండవలసిన నారింజరంగు ముక్క వూడిపోయింది. చూసిన ఎవరో పోలీసులకు ఫోను చేశారు. బహుశా అది బొమ్మే అయివుంటుందనీ, పట్టుకున్నది చిన్నవాడే కావచ్చుననీ కూడా చెప్పారు. ఆ మాటలు కారులో బయలుదేరిన పోలీసులకు అందలేదు. కారు ఆగిన రెండు సెకన్ల లోపలే తుపాకి పేలింది. మర్నాడు పిల్లవాడు చనిపోయాడు. 2015 డిసెంబరులో ఆ పోలీసు మీద నేరారోపణ చేయరాదని తేలింది. 2016లో నగరపాలక సంస్థ కుటుంబానికి అరవై లక్షల డాలర్లు ఇవ్వటానికి ఒప్పుకుంది. అదే ఒహైయోలో, అదే 2014లో, ఆగస్టు 5న, ఒక పెద్ద దుకాణంలో అమ్మకానికి పెట్టిన గాలితుపాకినే చేత్తో పట్టుకొని ఫోనులో మాట్లాడుతూ తిరుగుతున్న జాన్ క్రాఫర్డ్ అనే ఇరవై రెండేళ్ళ నల్లజాతి యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు.

అమెరికాలో 1988 నాటి చట్టం ఆట తుపాకులకు నారింజరంగు కొస వుండాలన్నది. గాలిగుండ్ల తుపాకులను మాత్రం ఆ నియమం నుంచి మినహాయించింది. కనుక బావ అలమరలోని పిస్తోళ్ళకు ఏ రంగూ లేదు. లేకపోవటమే వాటి ఘనత.

వస్తువు లేని రూపం నిర్జీవమన్న నా పాఠం ఇక్కడ కూలిపోయింది. టామిర్ చేతిలో వున్నది కేవలం రూపం. దానిలో చావు లేదు. చావు ఎదుటివాడి చేతిలో వుంది, అతడి శిక్షణలో వుంది, నల్లని చేతిని చూడగానే అతడి మనసులో లేచే భయంలో వుంది. ఖాళీగా వున్న రూపంలో సమాజం తన వస్తువును తానే నింపింది. అదే రూపం మరొకరి బైఠకఖానాలో, గాజు తలుపుల వెనక, చిన్న దీపం కింద కళాఖండం. కనుక వస్తువు వస్తువులో లేదు. పట్టుకున్న చేతికీ చూసే కంటికీ మధ్య వున్న సంబంధంలో వుంది. మార్క్సిజం చదివామనుకునే మనవంటివారు ఇది మొదటే గ్రహించవలసింది. నేను మాత్రం పిస్తోలునే పట్టుకొని, అందులో పాపం ఎక్కడుందా అని తిప్పి తిప్పి చూశాను.

ఇదంతా బావకు ఫోనులో చెప్పాను. అప్పటికి అతడు తిరిగి వెళ్ళిపోయాడు. అతడికి పదకొండేళ్ళ కొడుకున్నాడని కూడా గుర్తు చేశాను. ఒక నిముషం మాట్లాడలేదు. తరవాత అతడన్న మాటలు ఇక్కడ రాయకపోతే అన్యాయమవుతుంది.

"బావా, మా వీధిలో నాకు తెలిసినవాళ్ళలో ఇళ్ళల్లో అసలు తుపాకులున్నవాళ్ళే ఎక్కువ. కొనమని నాకు చెప్పినవాళ్ళూ వున్నారు. నేను కొనలేదు. యంత్రమంటే నాకిష్టం, ఆ కీళ్ళు, ఆ స్ప్రింగులు ఎలా పనిచేస్తాయో చూడటం ఇష్టం, అందుకని నకలు పెట్టుకున్నాను. రెండు సెకన్లలో కాల్చినవాడిని వదిలేసి బొమ్మను తప్పు పడతావేమిటి? వాళ్ళూ అదే అన్నారు, బొమ్మ అసలుదాన్లా వుంది గనుక పొరపాటు పడ్డామని. నువ్వు వాళ్ళ తరఫున వాదిస్తున్నావు."

ఈ మాటకు నేను చాలాసేపు తల పట్టుకున్నాను. నిజమే. నకలు మీద నేరం మోపిన కొద్దీ తుపాకి పేల్చినవాడి నేరం తేలికపడుతుంది. బొమ్మ తయారుచేసినవాడు, కొనిచ్చినవాడు, ఆడుకున్నవాడు అని వరసగా నేరస్థులను పెంచుకుంటూ పోతే చివరకు చచ్చిపోయిన పిల్లవాడే ముద్దాయి అవుతాడు. ఆ వాదం నేను చేయను. కాల్చినవాడిదీ, కాల్చటాన్ని సమర్థించిన వ్యవస్థదీ నేరం. అందులో సందేహం లేదు.

కాని నేరం వేరు, బాధ్యత వేరు. ఎవరి నేరమూ కాని చోట కూడా బాధ్యత మిగిలివుంటుంది. బావను ఒక ప్రశ్న అడిగాను: "ఆ వెబ్లీ గొట్టం కొసన వేలెడు మేర నారింజరంగు పూసి ఇస్తే కొంటావా?" తడుముకోకుండా, "ఎందుకు కొంటాను? అప్పుడది బొమ్మ" అన్నాడు. అంటే అతడు వెల ఇచ్చేది యంత్రానికి మాత్రమే కాదు. కీళ్ళూ స్ప్రింగులూ రంగు పూసినా అలాగే పనిచేస్తాయి గదా! అతడు వెల ఇచ్చేది, చూసినవాడు మోసపోతాడన్న హామీకి. టామిర్ ప్రాణం మీదికి తెచ్చిందీ, బావ అలమరకు శోభ తెచ్చేదీ ఒకటే గుణం.

మన అలంకార శాస్త్రంలో శ్రీశంకుకుడు చిత్రతురగన్యాయమని చెప్పాడు. గోడ మీద గీసిన గుర్రాన్ని చూసి ఇది గుర్రం అంటాము. అది నిజమైన జ్ఞానం కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు. మరొక రకం జ్ఞానం. కళానుభవం అక్కడ పుడుతుంది. మా ఊళ్ళో పద్యనాటకంలో భీముడి గద అట్టముక్కకు వెండికాగితం అంటించినది. ఆ సంగతి ముందు వరసలో కూర్చున్న పిల్లలందరికీ తెలుసు. ఒకసారి గద మధ్యకు వంగిపోయింది కూడా! అయినా దుర్యోధనుడి తొడ విరిగేసరికి ఒళ్ళు జలదరించింది. కొండపల్లి ఏనుగును చూసి ఎవడూ పక్కకు తప్పుకోడు, కాని చేతిలోకి తీసుకోకుండానూ వుండలేడు. పోలిక పోలికగా తెలుస్తూ వుండటంలో ఒక ఆనందం వుంది. నకలు పిస్తోలు ఆ ఆనందాన్ని ఇవ్వదు. గోడ మీది గుర్రాన్ని దింపి శాలలో కట్టివేయాలనీ, వచ్చినవాడు గడ్డి వేయాలనీ దాని కోరిక. ఇదే మాట బావతో అంటే, "నీకు లూగర్ అందంగా కనిపించలేదా మరి?" అన్నాడు. కనిపించింది. అబద్ధమాడలేదు, ఒప్పుకున్నాను.

చిన్నప్పుడు దీపావళికి మా నాన్నగారు రీలు తుపాకి కొనేవారు. ఎర్రటి కాగితపు రీలు ఎక్కించి ఇంటిల్లిపాదినీ కాల్చి చంపేవాణ్ణి. రేకు పల్చగా, అంచులు చేతికి గీసుకునేట్టుగా వుండేది. అది మరింత అసలుదానిలా లేదని ఏడ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం. ఆ ఏడుపును నాన్నగారు పట్టించుకోలేదు, బహుశా డబ్బు లేక. ఈ పేజీలలో బావను నేను విమర్శిస్తున్నానంటే, నాకు దొరకనిది అతడికి దొరికిందన్న అసూయ ఇందులో లేదని ప్రమాణం చేయలేను.

నాలుగింటిలో ఏది అన్న అతడి ప్రశ్నకు మాత్రం చివరకు ఒక జవాబు చెప్పాను. లూగరైతే నాజీ, మౌజరైతే దేశభక్తుడు, నగానైతే బోల్షివిక్ అని ఎంచుకోవద్దు. అది నీకూ నాకూ మనల్ని మనం మెచ్చుకోవటానికి తప్ప మరెందుకూ పనికిరాదు. కొనదలుస్తే నీకు నచ్చిన యంత్రం కొనుక్కో. కాని కొన్ననాడే, పెట్టె విప్పగానే, కొసన రంగు పూయి. ధర పడిపోతుంది, మిత్రులు నవ్వుతారు. అంతమాత్రం నష్టం భరించలేకపోతే కొనవద్దు.

బావ 'ఊఁ' అన్నాడు గాని ఒప్పుకోలేదు. నిన్న మళ్ళీ ఫోను చేశాడు. ఇంకా ఏదీ కొనలేదట, వెబ్లీ మీదనే మనసు పోతున్నదట, యుద్ధభూమి రకం కాదు, మామూలుదే. ఇంట్లో వున్న రెండింటినీ అలమర నుంచి తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాడట. రంగు మాట అడిగాను. "డబ్బా కొన్నాను, ఇంకా తెరవలేదు" అన్నాడు. వెనక నుంచి పిల్లవాడు, ఏం డబ్బా నాన్నా అని అడుగుతున్నాడు.